పెద్ద రాకుమారి మీద వచ్చిన కామెంట్లు

అక్క టీచరు ఉద్యోగం మానేసిన రెండో ఏడు నేను కథ రాయడం మొదలుపెట్టాను. నాన్న పోయాక రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, రాయపూర్‌లోనే ఒక అద్దె ఇంట్లోకి మారాం. ఇంట్లో అమ్మ, అక్క, నేను. ఊరి చివర ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో నాకు ఉద్యోగం.

ఒకరోజు ఐదో తరగతి పిల్లలకు పాఠం చెబుతుండగా అక్కకు మాట ఆగిపోయింది. పిల్లలు మొదట నవ్వారట, తర్వాత భయపడ్డారట. మర్నాడు చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, విప్పేసి లోపలికి వచ్చేసింది. తర్వాత బజారు మానేసింది, ఆ తర్వాత చుట్టాలు వస్తే ముందు గదిలోకి రావడం కూడా మానేసింది.

ఆ రోజుల్లో మేమిద్దరం టీవీలో ఒక హిందీ మాయల సీరియల్ చూసేవాళ్ళం. అందులో ఇద్దరు రాకుమార్తెలు. పెద్దమ్మాయి రెండు మూడు ఎపిసోడ్లలో కనబడి మాయమైంది. ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఆ లోటు పూడుస్తున్నాననుకుని, ఆ పాత్రలతో తెలుగులో నా సొంత కథ అల్లి ఒక కథల యాప్‌లో వారానికొక భాగం పెట్టసాగాను. నా కథలో పెద్ద రాకుమారికి ఒక శాపం ఉంది. గడప దాటితే గొంతు పోతుంది. అందుకని ఆమె గదిలోనే ఉంటుంది. చిన్న రాకుమారి యుద్ధాలు చేస్తుంది, రాజ్యం చూసుకుంటుంది, అక్కకు అన్నం తెచ్చి పెడుతుంది.

నేను చదివింది హిందీ మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవే, వత్తులన్నీ తప్పులు. ప్రతి భాగాన్నీ ముందు అక్క చదివి దిద్దేది. పెద్ద రాకుమారి ఎవరని ఆమె ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చదివేవాళ్ళు పెరిగారు. రాజ్యానికి శత్రువైన మాంత్రికుడి కొడుకంటే అందరికీ పిచ్చి. వాడు ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టినా ‘పాపం, చిన్నప్పుడు తల్లి ప్రేమ దొరకలేదు’ అని వెనకేసుకొచ్చేవాళ్ళు. చిన్న రాకుమారిని దేవత అన్నారు. పెద్ద రాకుమారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఈవిడ సీన్ వస్తే స్కిప్ చేస్తున్నా’ అని ఒకరు, ‘శాపమా, బద్ధకమా?’ అని మరొకరు. ‘ఇంత మంచి చెల్లెలికి ఇలాంటి అక్కా’ అన్న కామెంటుకు వచ్చినన్ని లైకులు నా కథకే రాలేదు.

ఆ కామెంటును ఫ్యాక్టరీ బస్సులో మూడుసార్లు చదువుకున్నాను. కోపం రాలేదు. ఎవరో నా కష్టం గుర్తించారనిపించింది. ఆ మాట ఇవాళ రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఒక ఆదివారం అక్క నాకొక కాగితం ఇచ్చింది. పెద్ద రాకుమారి తన గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తుందో తనే రాసింది. గోడ మీద ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూడడం, బయట గిన్నెల చప్పుడును బట్టి ఎవరు వచ్చారో పోల్చుకోవడం, చెల్లెలి అడుగులు వినబడగానే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకోవడం.

“బాగుంటే పెట్టు. లేకుంటే ఛోడ్ దే” అంది.

ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాను. నేను రాసినవాటన్నిటికంటే అదే బాగుంది. జనానికి మాత్రం నచ్చలేదు. ‘ఈ వారం ఏమీ జరగలేదు’ అన్నారు. ‘ఈ సోది ఎవడికి కావాలి? మాంత్రికుడి కొడుకేడీ?’ అన్నారు. ‘గడప దాటి చావొచ్చుగా, అందరికీ పీడ పోతుంది’ అని ఒకామె రాసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టింది. దాన్ని నా ఫోన్లోనే తీసేసి ఆఫీసు నుంచి గబగబా ఇంటికి వచ్చేసరికి అక్క అప్పటికే అమ్మ ఫోన్లో అన్నీ చదివేసింది.

“వాళ్ళ మాటలు పట్టించుకోకే. వాళ్ళకేటి తెలుసు” అన్నాను.

“అది నేనని వాళ్ళకి తెల్దు గదా. తెల్దు గాబట్టే సచ్ చెప్పినారు” అంది అక్క. గొంతులో ఏడుపు లేదు. “నీకూ అలాగే అనిపించుంటాది. లేకపోతే అన్నం తెచ్చిన ప్రతిసారీ చిన్నదాని చేత నిట్టూర్పెందుకు ఇడిపిస్తావు?”

ఆ నిట్టూర్పులు నేను కావాలని రాయలేదు. కానీ రాశాను, ప్రతి భాగంలోనూ.

“దాన్ని ఖతం చేసీయే. ఇంక నేను దిద్దను” అంది.

ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఆమె అడిగింది కాబట్టి అనుకున్నాను. లైకుల కోసమేమో కూడా. తర్వాతి భాగంలో పెద్ద రాకుమారి గడప దాటింది, గొంతు పోయింది, ప్రాణమూ పోయింది. వత్తుల తప్పులతోనే పెట్టాను. అంతకుముందు అంతమంది ఎప్పుడూ చదవలేదు. ‘ఇప్పటికి కథ కదిలింది’ అన్నారు. ‘చిన్న రాకుమారికి ఇక స్వేచ్ఛ’ అన్నారు. పెద్దామె కోసం ఏడ్చిన కామెంటు ఒక్కటన్నా దొరుకుతుందేమోనని అడుగుదాకా వెతికాను. లేదు.

అక్క ఇంట్లోనే ఉంది గానీ నాతో మాట్లాడడం తగ్గించేసింది. నేను అడిగినదానికి మాత్రం అవుననో కాదనో అనేది. అక్కకు తోడు ఉందామని ఒకరోజు ఆఫీసు మానేస్తే, “నా కోసం సెలవెందుకు” అని అటు తిరిగి పడుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని అమ్మ ఆటో పిలిచింది. అక్క గుమ్మం దాకా కూడా రాలేదు. చివరికి అమ్మే వెళ్ళి, ఉన్నదంతా చెప్పి, అక్కతో ఫోన్లో మాట్లాడించి మాత్రలు రాయించుకొచ్చింది. వాటితో నిద్ర పడుతోంది. అంతకుమించి మార్పేమీ లేదు.

కొన్ని నెలల తర్వాత కథ మొత్తం యాప్ నుంచి తీసేశాను. ఆ సంగతి అక్కకు చెప్పాను.

“ఎందుకు తీసీసినావు? బాగానే చదువుతున్నారు గదా” అంది.

“నీ కోసమే.”

“అది కూడా నా కోసమేనా” అని దుప్పటి పైకి లాక్కుంది.

కథ ఏమైందని పాఠకులు కొన్నాళ్ళు అడిగి ఊరుకున్నారు. ఏళ్ళు గడిచాయి. రోజూ ఉర్లా నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచంలో అన్నం పెట్టుకుని ఆ గదిలోకి వెళ్తాను. అక్క కళ్ళు మూసుకుని ఉంటుంది. నిద్రపోవడం లేదని నాకు తెలుసు. కంచం పక్కన పెట్టి, ఊపిరి చప్పుడు కూడా కాకుండా బయటికి వచ్చేస్తాను.