కందుల గదిలో నిద్ర

కాదండీ, ఆక్సిజన్ తొంభై ఎనిమిది ఉన్నంత మాత్రాన పేషెంట్ బాగున్నట్టు కాదు. హైదరాబాద్ ఐసీయూ డాక్టర్‌తో ఫోన్లో ఈ మాట మీదే గొంతు చించుకున్నాను. అప్పటి నా ఉద్యోగం వదిలేశాను గానీ ఆ కోపం వదల్లేదు. అందులో సగం నా మీదే.

రెండేళ్ల కిందట, జనవరిలో, నారాయణఖేడ్‌లోని ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌గా చేరాను. సిటీలో పెరిగినదాన్ని, కందులంటే కిరాణా ప్యాకెట్లో చూడటమే.

ఒక ఉదయం, కిటికీ బయట మంచు ఇంకా కరగకముందే, కంగ్టి వైపు నుంచి విఠల్ అనే రైతు తన భార్య శాంతమ్మను షేర్ ఆటోలో తీసుకొచ్చాడు. వాంతులు, మగత. వేలికి క్లిప్ పెడితే ఆక్సిజన్ తొంభై ఎనిమిది. బీపీ తగ్గింది, వాంతుల వల్లే అనుకున్నాను. తిన్నది పడలేదని రాసి, సెలైన్ పెట్టించి, సాయంత్రం ఇంటికి పోవచ్చని చెప్పి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

వార్డంతా తెల్లటి వెలుగులో నానుతున్నట్టుంది. శాంతమ్మ కళ్లు మూసుకునే మాట్లాడుతోంది.

"నీళ్ల మీద తేలుతున్నట్టుంది బిడ్డా. గట్టు అవుపడ్తలేదు."

పరుగెత్తి వచ్చిన మనిషిలా ఎగశ్వాస. రెండు సెలైన్లు ఎక్కినా బీపీ ఇంకా పడింది. క్లిప్ మీద అంకె మాత్రం కదల్లేదు.

సిస్టర్ అనసూయ ఆమె ముఖం మీదికి వంగి లేచింది. "ఎల్లిపాయ వాసనొస్తుంది మేడమ్. కందులల్ల గోలీలు పెట్టిండ్రేమో అడుగుండ్రి."

విఠల్ నిదానంగా చెప్పాడు. పురుగు పట్టకుండా ఏటా కొట్టులో కంది సంచుల్లో మందు గోలీలు పెట్టి తాటిపత్రి పట్టా కప్పుతారు. ఆ కొట్టులో ఎవరూ పడుకోరు. ఈసారి వానలకు కొట్టు కప్పు కూలింది, సంచులు పడకగదిలోకి వచ్చాయి. చలికి కిటికీ మూశారు. అడవిపందులు పడకుండా తను రాత్రి చేను దగ్గర కాపలా ఉన్నాడు, శాంతమ్మ ఒక్కతే ఆ గదిలో పడుకుంది. వెంటనే ఇంట్లో ఉన్న కోడలికి వీడియో కాల్ చేయించాను. మంచానికి ఆనుకునే సంచులు. తలుపులు తెరిచి బయటికి పొమ్మని అరిచాను.

ఆ గోలీల నుంచి వచ్చే వెల్లుల్లి వాసన గ్యాస్ ఒంటి కణాల్లోని మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. ఆక్సిజన్‌తో ఒంటికి శక్తి తయారుచేసేవి అవే. అవి ఆగితే రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం వాడుకోలేదు. ముందు చితికేవి ఎక్కువ శక్తి తినే గుండె, మెదడు. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, అందుకే ఆ ఎగశ్వాస. విరుగుడు మందు లేదు. గుండెను నిలబెడుతూ విషం దిగిపోయేదాకా కాచుకోవాలి.

హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపాలన్నాను. విఠల్ ఒప్పుకోలేదు.

"నంబర్ మంచిగున్నదంటివి గద. ఇంటికి తోల్కపోత."

తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. అప్పటిదాకా ఏ పేషెంట్ ముందూ ఆ మాట అనలేదు. అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. బీపీ పెంచే మందు డ్రిప్‌తో అంబులెన్స్‌లో నేనూ ఎక్కాను. ఆక్సిజన్ బాగుంటే బెడ్ ఎందుకన్న ఐసీయూ డాక్టర్‌తో గొడవ దారిలోనే, సిగ్నల్ దొరికిన చోటల్లా, బెడ్ ఇస్తాననేదాకా సాగింది.

మూడు రోజులు ఆమె గుండె మందుల మీదే నడిచింది. నాలుగో రోజు భర్తను పేరు పెట్టి పిలిచిందట, ఆయన సిగ్గుపడ్డాడట. తర్వాత చాలా నెలలు నడకలో తూలుడు మిగిలింది.

అప్పటినుంచి మగతగా వచ్చిన ప్రతి మనిషినీ ముందు ఎక్కడ పడుకున్నారని అడిగాను. ఓపీలో అంత టైమ్ ఉండదని సీనియర్లు నవ్వారు. పేషెంట్ పడుకున్న గది గురించి అడగకుండా రాసిన చీటీని మీరు వైద్యం అంటారా?