ముసుగు కారుకి కాపలా

నమ్మకమే మనిషిని నిలబెడుతుందని ఇన్సూరెన్సు కంపెనీల గోడల మీద రాస్తుంటారు. మా మామయ్యని ఇన్నేళ్లు నిలబెట్టింది మాత్రం అనుమానమే. ఎవరైనా కుర్చీ చూపించి కూర్చోమంటే ముందు దాని కాళ్లు ఊపి చూస్తాడు. అలాంటి మనిషికి కాపలా ఉద్యోగమంటే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

ఉద్యోగం ఓ పాత కార్ల కంపెనీలో. ఆ కంపెనీ కార్లు ఒకప్పుడు వీధికి నాలుగు కనిపించేవి. ఇప్పుడు చూడాలంటే మెకానిక్ షెడ్డుకి వెళ్లాలి. అందుకే ఈసారి మోటార్ షోలో ఆశలన్నీ ఒక్క కొత్త కారు మీదే పెట్టుకున్నారు. ఆఖరి రోజు దాకా దాని మీద బూడిదరంగు ముసుగు. పక్కన మామయ్య. లోపల ఏముందో ఆయనకీ చూపించలేదు.

"ఒక్క ముక్క బయటికి పొక్కిందా, నీ ఉద్యోగం ఊడినట్టే" అన్నాడు మేనేజరు.

ఎదురు స్టాలు జోరు మీదున్న కొత్త కంపెనీది. అక్కడ కార్లు తుడిచేది సాక్షాత్తూ అత్తయ్య తమ్ముడు. పైగా ఉండేది మామయ్య ఇంట్లోనే. ఇక చెప్పాలా! అతను దగ్గినా మామయ్యకి అందులో ఏదో సైగ వినిపించేది.

చివరికి అతన్ని పట్టుకోవడానికి మామయ్య వల పన్నాడు. అన్నం తింటూ, ఎవరూ అడక్కుండానే, "మా కారుకి పైకప్పంతా అద్దమేనట" అన్నాడు. ఒట్టి కోత. ఎండకి లోపలివాళ్లు మాడిపోయే కప్పు తన కంపెనీ చచ్చినా పెట్టదని ఆయన ధీమా.

మర్నాడు ఎదురు స్టాల్లో బోర్డు వెలిసింది: "అద్దాల కప్పు కారు, త్వరలో మా నుంచే!"

మామయ్య వెళ్లి బావమరిది చొక్కా పట్టుకున్నాడు. "ఏరా, తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"నువ్వే కదా బావా చెప్పింది! అడిగినా నోరు విప్పనివాడివి, అడక్కుండా చెప్పావు. మా కంపెనీలోకి రావాలని ఉండి, అడగడానికి మొహమాటపడి, ముందు శాంపిల్ పంపావనుకున్నా. మా సారుకి నీ గురించీ చెప్పా."

"నేనా? మీ కంపెనీకా? నీతో ఇలా అనిపిస్తున్నది మా మేనేజరు కాదు కదా?"

"నీకో దండం బావా. చొక్కా వదులు."

ఆఖరి రోజు ముసుగు లాగారు. పైకప్పంతా అద్దమే.

ఆ ఏడాది ప్రతి కంపెనీకీ అదే పిచ్చి. షోలో ఓ చుట్టు తిరిగినవాడెవడైనా ఊహించగలడు. మామయ్య తిరగలేదు, కాపలా కాశాడు. చప్పట్లు కొట్టాల్సిన జనం ఎదురు బోర్డు చూసి, "కాపీ కొట్టారు" అని నవ్వుకుంటూ పోయారు.

"అక్కడ నీ బావమరిది ఉన్నాడటగా. ఏం చెప్పావ్?" అన్నాడు మేనేజరు.

"అబద్ధం చెప్పాను సార్."

"ఏమని?"

"పైకప్పు అద్దమని."

మేనేజరు కారు వైపు ఓసారి, మామయ్య వైపు ఓసారి చూశాడు. నిజం చెబితే భయం లేదనే పెద్దమనుషులు ఒక్కరైనా ఆ క్షణంలో ఆయన పక్కన నిలబడి ఉంటే బాగుండేది.

ఉద్యోగం ఊడిన వారానికి ఎదురు కంపెనీ నుంచి కబురొచ్చింది: వచ్చే షోలో వాళ్ల ముసుగు కారుకి కాపలా ఉండాలట, జీతం కూడా ఎక్కువేనట. బావమరిది ఎగిరి గంతేశాడు. అత్తయ్య ఇస్త్రీ చొక్కా తెచ్చి ముందు పెట్టింది.

మామయ్య దాన్ని ముట్టుకోలేదు.

"గుట్టు అమ్మేశాడని పేరుపడ్డవాణ్ణి పిలిచి, తమ గుట్టుకి కాపలా పెడతారా? అంత తెలివితక్కువ కంపెనీ ఎన్నాళ్లుంటుందే?"

అత్తయ్య చొక్కా తీసి తమ్ముడి చేతికిచ్చింది. "నువ్వేసుకెళ్లి, మా బావ బదులు నేనే కాస్తానని చెప్పరా."