గడప దాకా వచ్చిన మూకుడు

మా బాబాయి పుట్టేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. అందరిదీ లువాన్ ఇంటిపేరే అయిన మా ఊళ్ళో వయసును ఎవరూ లెక్కచేయరు, వరసనే లెక్కచేస్తారు. మా శాఖవాళ్ళు తొందరపడి పిల్లల్ని కన్నారు, బాబాయి శాఖవాళ్ళు తీరిగ్గా కన్నారు. అందువల్ల హైబో అనే ఆ పసిగుడ్డు నాకు తండ్రి వరస అయ్యాడు. వాడి తల్లి గుయ్‌షియాంగ్ నాకంటే ఆరేళ్ళే పెద్దది, అయినా నాకు చిన్న నాయనమ్మ.

కొత్త సంవత్సరం నాడు పెద్దలకు మోకరిల్లాలి కదా. ముప్పై ఏళ్ళవాణ్ణి, పెళ్ళయి మీసం దిద్దుకునేవాణ్ణి, ఇటుక మంచం మీద కాళ్ళూపుతూ కూర్చున్న ఎనిమిదేళ్ళ బాబాయి ముందు నుదురు నేలకు ఆనించాను. వాడు తన నోట్లో సగం చప్పరించిన మిఠాయి తీసి నాకు కానుకగా ఇచ్చాడు.

"లే అన్నా," అన్నాడు సిగ్గుపడిపోతూ.

"అన్నేమిట్రా! వాడు నీకు కొడుకు. ఒరేయ్ చాంగ్‌షెంగ్, లేవరా అను," అని చిన్న నాయనమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వేం చూస్తున్నావు? పెద్దలిచ్చింది నోట్లో వేసుకో," అంది.

వేసుకున్నాను. వేసుకోకపోతే ఊరుకునే మనిషి కాదు.

హైబో నన్ను ఏనాడూ 'ఒరేయ్' అనలేదు. పెద్దవాడై ఆపిల్ పళ్ళ లారీ తోలుతున్న రోజుల్లో కూడా నా టోఫు బండి దగ్గర లారీ ఆపి, వాళ్ళమ్మ కనుచూపు మేరలో లేదని చూసుకుని, "అన్నా, వేడిది ఒక ముక్క కొయ్యి," అనేవాడు.

మూడేళ్ళ కిందట, దట్టమైన పొగమంచులో, ఆ లారీ రోడ్డు దిగి దొర్లిపోయింది. వాడికి ఇరవై ఏడేళ్ళు. ఒక్కడే కొడుకు. పెళ్ళి కాలేదు.

తెల్లజుట్టు నల్లజుట్టును సాగనంపకూడదంటారు మావాళ్ళు. పెద్దవాళ్ళు చిన్నవాడికి మోకరిల్లరు, వాడి వెంట నడవరు, వాడి సమాధికి వెళ్ళరు. తల్లి కన్నీటి చుక్క శవపెట్టె మీద పడితే పోయినవాడి కాళ్ళు బరువెక్కి కదలవట. అందుకని ఆడవాళ్ళు చిన్న నాయనమ్మను లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు మూశారు. తండ్రికి మాత్రం చేయాల్సిన పని ఒకటుంది. కన్నవాళ్ళకంటే ముందు వెళ్ళిపోయిన తప్పుకు చేతికర్రతో పెట్టెను మూడు దెబ్బలు కొట్టాలి. హైబో తండ్రి దెహో తాత మొదటిది కొట్టాడు. రెండోది మాకెవరికీ వినపడలేదు. మూడోసారి కర్రను పెట్టె మీద ఊరికే ఆనించి, కాసేపు అలాగే ఉంచి తీసేశాడు.

పెట్టె కదిలే ముందు, పోయినవాడి ఖర్చుకని కాగితపు డబ్బు కాల్చిన మట్టి మూకుడును కొడుకు తన తలదాకా ఎత్తి ఒక్క దెబ్బకు పగలగొట్టాలి. అది పగిలితేనే పోయినవాడికి దారి తెరుచుకుంటుందంటారు. హైబోకు కొడుకెక్కడ? దగ్గరి చుట్టాల్లో కొడుకు వరస అయినవాణ్ణి నేనొక్కణ్ణే. అలా నలభై తొమ్మిదేళ్ళ కొడుకునై ఇరవై ఏడేళ్ళ తండ్రి కోసం తలకు తెల్లగుడ్డ కట్టుకుని నిలబడ్డాను.

మూకుడు ఎత్తాను. అది నా చేతుల్లోంచి జారింది. పగల్లేదు. అంచు మీద నిలబడి, చక్రంలా దొర్లుకుంటూ వాకిలంతా దాటి, లోపలి గది గడపకు తగిలి రెండు చుట్లు తిరిగి బోర్లా పడింది. నేను తీసుకురావడానికి పరుగెత్తాను. వంగినప్పుడు తలుపు కింది సందులోంచి నాలుగు వేళ్ళు బయటికి వచ్చి మూకుడును తడిమి లోపలికి వెళ్ళిపోవడం చూశాను. నేను తప్ప ఎవరూ చూడలేదు. మా పెద్దల్లో ఒకాయన వచ్చి మూకుడు లాక్కుని రాయికేసి కొట్టాడు.

చింగ్‌మింగ్ పండగకు అందరూ తమ వాళ్ళ సమాధులు శుభ్రం చేసి కాగితాలు కాలుస్తారు. హైబో మట్టిదిబ్బ గోధుమచేను మూలన ఉంది, పెళ్ళికానివాడు కనుక పెద్దల సమాధుల మధ్య చోటివ్వలేదు. అక్కడ మోకరిల్లే పని కూడా నాదే. చిన్న నాయనమ్మ రాకూడదు. రాదు కూడా. కానీ సరిగ్గా ఆ రోజు, ఆ పూటే, బుట్టా చిన్న పారా పట్టుకుని పక్క గట్టు మీదికి ఆకుకూర ఏరుకోవడానికి వస్తుంది. ఆ గట్టు మీద ఆకుకూర మొలవడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. అయినా దారిన పోయేవాళ్ళు, "ఏం పిన్నీ, కూర దొరికిందా?" అని అడుగుతారు. "ఆఁ, ఏదో రెండాకులు," అంటుంది.

కొడుకుతో మాట్లాడకూడదు కనుక నన్ను తిడుతుంది. "ఒరేయ్ చాంగ్‌షెంగ్! దళసరి కోటు లేకుండా వచ్చావే? మంచు పడుతుంటే ఆగి బయల్దేరితే కొంపలేమన్నా మునుగుతాయా? తిన్నావా, లేక ఉత్త కడుపుతోనే తిరుగుతున్నావా?" అని గట్టు మీంచి కేకలు. మొదటి ఏడు బిత్తరపోయి, "టోఫు అమ్మేవాణ్ణి, పొద్దున్నే లేవాలి కదా నాయనమ్మా," అని సంజాయిషీ చెప్పాను. ఆ మాటలు ఎవరికో తర్వాత తెలిసొచ్చింది. "తిన్నానమ్మా. ఇకనుంచి ఆగే బయల్దేరతాలే," అనడం నేర్చుకున్నాను.

ఈ ఏడు మూడో చింగ్‌మింగ్. మూడేళ్ళు నిండితే దుఃఖం ముగించాలి. పండగకు నాలుగు రోజుల ముందు నా బండి దగ్గర పిండిమిల్లు ముసలమ్మ, "మూకుడు ఒక్క దెబ్బకు పగల్లేదుగా, ఆ పిల్లాడు ఇంకా గడప పట్టుకుని వేలాడుతున్నాడు. తల్లి ఎలా ఎండిపోయిందో చూశారా?" అంటోంది. వెనక్కి చూస్తే చిన్న నాయనమ్మ. టోఫు కొనకుండానే వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ యుఝెన్ నన్ను వదల్లేదు.

"నిజం చెప్పెయ్యవయ్యా. పిల్లాడు వేలాడ్డమేంటి, వేలాడింది నీ నాలుక! పెట్టె ఇంకా వాకిట్లో ఉండగానే వంటింట్లో దూరి పందికొవ్వు బన్ను తిన్నావు. చేతులు కడిగావా?"

"ప్యాంటుకు తుడుచుకున్నాను."

"తుడుచుకున్నాడట! నీ తిండిపోతుతనానికి ఆవిడకు మూడేళ్ళుగా నిద్ర లేదు."

ఈ సంగతి మా ఆవిడ మూడేళ్ళు దాచడం దాని జీవితంలో చేసిన అతిపెద్ద దానం. అది ఎప్పుడు వాపసు అడుగుతుందోనని నేను భయపడుతూనే ఉన్నాను.

పండగనాడు కాగితాలు కాల్చి, మూడుసార్లు మోకరిల్లి, గట్టు వైపు నడిచాను.

"నాయనమ్మా, ఒక మాట. హైబో ఎక్కడా చిక్కుకోలేదు. హాయిగా వెళ్ళిపోయాడు. ఆ మూకుడు... తప్పు నాదే. చేతులకు కొవ్వు అంటుకుని ఉంది. జారింది. అంతే."

ఆవిడ పార ఆగింది. ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ముఖంలో ఉన్న కాస్త రంగూ దిగిపోయింది.

"నిన్నెవరడిగారు?" అంది.

"అది కాదు, ఆ మిల్లు ముసలమ్మ ఏదో..."

"దాని మాటకు నేను బాధపడ్డానని నీకెవరు చెప్పారు? గడప పట్టుకుని వేలాడుతున్నాడంది. వేలాడనీ. వాకిట్లో అంతమంది ఉండగా, ఎవరి దగ్గరికీ పోకుండా, అది తిన్నగా నా తలుపు దగ్గరికే వచ్చింది. చెప్పి వెళ్దామని వచ్చాడు." ఆవిడ కుడిచెయ్యి వేళ్ళను ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నన్ను ఒక్క అడుగు బయట పెట్టనివ్వలేదురా వాళ్ళు. నువ్వొచ్చి కొవ్వంటావా?"

నా తెలివి తెల్లారినట్టే ఉంది. నా తప్పు కడిగేద్దామని వెళ్ళి ఆవిడకున్న ఒక్క వీడ్కోలునూ తుడిచేయబోయాను.

ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది, పోట్లాడుతున్నట్టు. "ముప్పై ఏళ్ళుగా టోఫు అమ్ముతున్నావు. నీళ్ళోడే ముక్క. ఎప్పుడైనా ఒక్కటి జారవిడిచావా?"

వారానికొకటి జారవిడుస్తాను.

"లేదు నాయనమ్మా," అన్నాను.

"టోఫు జారని చేతుల్లోంచి మట్టి మూకుడు జారుతుందా?"

"ఎలా జారుతుంది? ఇప్పుడనుకుంటే గుర్తొస్తోంది, అవతలినుంచి ఎవరో లాగినట్టే అనిపించింది."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. అబద్ధమని తెలియనంత అమాయకురాలు కాదు. తర్వాత బుట్ట చంకన పెట్టుకుని దిబ్బ వైపు తిరిగి కేకేసింది.

"ఒరేయ్ చాంగ్‌షెంగ్! వచ్చావు, చెప్పావు, బాగుంది. ఇక ఆ గడప దగ్గరే నిలబడకు, కాళ్ళు పీకుతాయి. నిదానంగా వెళ్ళు."

"వెళ్తానమ్మా," అన్నాను.

మర్నాడు ఆవిడ నా బండి దగ్గరికి వచ్చింది. మిల్లు ముసలమ్మ కూడా ఉంది. ముక్క కోసి అందిస్తుంటే చిన్న నాయనమ్మ అందరికీ వినపడేలా, "చూడండి వీడి చేతులు! ముప్పై ఏళ్ళలో ఒక్కటంటే ఒక్క ముక్క జారలేదు," అంది.

మా ఆవిడ నోరు తెరిచింది. బండి కింద దాని కాలు తొక్కాను. మరో చెయ్యి కూడా ముక్క కింద పట్టి, ఊపిరి బిగబట్టి, ఆవిడ గిన్నెలో దించాను.