పద్మారాణి బిగించిన పంపు

సూరత్ శివారు ఉన్‌లో ఉండే పద్మారాణికి పొద్దున లేవగానే, టీ గిన్నె పొయ్యి మీద పెట్టకముందే, లారీ బానెట్ ఎత్తడం అలవాటు. రేడియేటర్‌లో నీళ్లు చూసేది. బెల్టును బొటనవేలితో నొక్కి చూసేది. ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీని బయటికి లాగి, తుడిచి, మళ్లీ ముంచి, ఆయిల్ ఏ గీత దాకా ఉందో చూసేది. లారీ ఆమె భర్త పరమేశుది. పద్నాలుగేళ్లు వాళ్ల బండ్లూ వీళ్ల బండ్లూ నడిపి, చివరికి పాతదే అయినా సొంత బండి కొనుక్కున్నాడు. అతనికి నడుము నొప్పి ఉండటంతో వంగి చేసే పనులన్నీ ఆమె తన మీద వేసుకుంది.

పానాలు పట్టడం ఆమెకు కొత్తేమీ కాదు. తండ్రి రాజమల్లు సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, ఖటోదరాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో జాబరుగా కుదిరాడు. ఆగిపోయిన మగ్గాన్ని విప్పి బాగుచేసి మళ్లీ నడిపించడమే జాబరు పని. రోజూ బడి విడిచిపెట్టగానే పద్మారాణి ఆయనకు టిఫిన్ డబ్బా తీసుకుపోయి, చీకటిపడేదాకా ఆయన పక్కనే కూర్చునేది. ఆడపిల్లకు మగ్గాల దగ్గర ఏం పనని ఒకరోజు కార్ఖానా యజమాని షేటు అడిగితే, రాజమల్లు చేతిలో ఉన్న పానా కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "నా బిడ్డ నా దగ్గర్నే కూసుంటది" అన్నాడు. ఆయన పని ఆపితే నలభై మగ్గాలు ఆగుతాయని షేటుకు తెలుసు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలా ఏ మీట దేన్ని తోస్తుందో, తిరుగుతూ మీటలను తోసే ఉబ్బెత్తు చక్రం, క్యామ్, ఎప్పుడు లేస్తుందో చూస్తూ పెరిగింది. తర్వాత బాబిన్లు చుట్టే పనిలో చేరింది, పెళ్లయింది, రుచిత పుట్టింది. చేతికి వచ్చిన విద్య చేతిలోనే ఉండిపోయింది.

రెండేళ్ల కిందట, హోళీ అయిన వారంలో, లారీకి ఒక జబ్బు మొదలైంది. ఖటోదరాలో తానులు ఎక్కించుకుని ఇచ్ఛాపూర్ వైపు గోదాముకు చేర్చడం పరమేశు రోజువారీ పని. దారిలో తాపీ నది మీద వంతెన ఎక్కాలి. ఖాళీ బండి హాయిగా ఎక్కేది. లోడుతో ఉంటే సగం ఎక్కేసరికి ఊపిరి అందని మనిషిలా వగర్చి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా నెమ్మదించి, ఆగిపోయేది. కాసేపాగి స్టార్ట్ చేస్తే మళ్లీ కదిలేది. డీజిల్ ఫిల్టర్ మార్పించారు. రెండు రోజులకు మళ్లీ అదే కథ. ఇంకోసారి మార్పించారు.

మూడోసారి ఆగినప్పుడు బండి వెనక్కి జారింది. వెనకాల పిల్లలతో నిండిన స్కూలు వ్యాను ఉంది. పరమేశు బ్రేకు మీద లేచి నిలబడ్డట్టు తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగి పట్టాడు. లారీ ఆగింది. వ్యానుకూ దానికీ మధ్య మూరెడు కూడా లేదు. అద్దంలో అతనికి వ్యాను ముందు సీటులో కూర్చున్న ఒక చిన్నపిల్ల ముఖం కనబడింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అతను అన్నం ముట్టలేదు. బండిని తుక్కు కింద అమ్మేసి ఏదైనా కార్ఖానాలో వాచ్‌మన్‌గా చేరతానన్నాడు. స్టీరింగ్ పట్టుకుంటే ఆ పిల్ల ముఖమే కళ్లకు కడుతోందని చెప్పాడు. అతను భయపడటం పద్మారాణి ఎన్నడూ చూడలేదు.

మర్నాడు బండిని వెంకటయ్య గ్యారేజీకి తోలించారు. వెంకటయ్యది జగిత్యాల వైపు. ఉన్‌లో ముప్పై ఏళ్లుగా లారీలు బాగుచేస్తున్నాడు. నమ్మకమైన మనిషి, ఊరికే పని పెంచేవాడు కాదు. అంతా చూసి, ఇంజన్‌కు కొలత ప్రకారం డీజిల్ కొట్టే పెద్ద పంపు పోయిందని, దాన్ని విప్పి వేరే వర్క్‌షాపుకు పంపాలని చెప్పాడు. పదిహేను రోజులైనా పడుతుందన్నాడు. పరమేశు విని తలూపి గడప మీద కూలబడ్డాడు.

బండి గ్యారేజీలో ఉన్నా పద్మారాణి అలవాటు కొద్దీ కడ్డీ లాగి చూసింది. ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి ఉంది. మొన్న కూడా ఎక్కువే ఉందని ఆమెకు గుర్తొచ్చింది. భర్త పోశాడేమో అనుకుని అప్పుడు పట్టించుకోలేదు.

"నువ్వేమన్న ఆయిల్ పోసినవా?" అని అడిగింది.

"లేదు. నువ్వు పోస్తున్నవనుకున్న" అన్నాడు పరమేశు.

ఆమె పొయ్యలేదు. నడిచే బండిలో ఆయిల్ తగ్గడం మామూలే, తనంతట తాను పెరగడం ఎక్కడా లేదు. కడ్డీ ముక్కు దగ్గర పెట్టుకుంది. డీజిల్ వాసన. లారీలో పడి ఉన్న తెల్లటి తాను ముక్క తెచ్చి దాని మీద ఒక బొట్టు వేసింది. నల్లటి బొట్టు చుట్టూ పలచని తడి వలయంలా పాకిపోయింది. ఆ గుడ్డ పట్టుకుని వెంకటయ్య దగ్గరికి వెళ్లింది.

ట్యాంకులో ఉన్న డీజిల్‌ను పైకి లాగి ఫిల్టర్ దాకా తెచ్చేది ఇంజన్ పక్కన బిగించిన ఒక చిన్న పంపు. ఫీడ్ పంపు అంటారు. అది అందిస్తేనే పెద్ద పంపు పని చేస్తుంది. దాని లోపల రబ్బరు పొర ఒకటి ఉంటుంది, ఇంజన్‌లోని క్యామ్ తోసినప్పుడల్లా అది కిందికీ పైకీ ఆడుతుంది. ముందు దాన్ని విప్పి చూడమని పద్మారాణి అడిగింది.

"అది డీజిల్ కొడుతనే ఉన్నది గద బిడ్డా. కొట్టకుంటే ఇంజన్ స్టార్టే గాదు" అన్నాడు వెంకటయ్య.

"స్టార్ట్‌కు సరిపోయేంత కొడుతున్నది కాకా. లోడుతోని వంతెన చడావు ఎక్కేటప్పుడు సరిపోతలేదు. కొట్టాల్సిన డీజిల్ ఇంజన్‌లకు కారుతున్నది. లేకుంటే ఆయిల్‌ల ఈ వాసనేంది?"

వెంకటయ్య గుడ్డ తీసుకుని ఎండలోకి నడిచాడు. వేళ్ల మధ్య నలిపి చూశాడు, వాసన చూశాడు. తిరిగి వచ్చి పానాల పెట్టె ఆమె ముందుకు జరిపాడు. "నువ్వు పట్టినవు. నువ్వే విప్పు" అన్నాడు.

ఎగతాళికి అన్నాడో, మెచ్చుకుని అన్నాడో ఆమెకు అర్థం కాలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. ముందు పంపు చుట్టూ పేరుకున్న మట్టిని బ్రష్‌తో, డీజిల్‌తో కడిగేసింది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం, ఫిల్టర్‌కు పోయే గొట్టం ఊడదీసి మూతులకు గుడ్డ కట్టింది. రెండు బోల్టులు విప్పి పంపును చేతిలోకి తీసుకుంది. విడదీసి చూస్తే రబ్బరు పొర అంచున గోరంత చీలిక ఉంది. చుట్టూ చేరిన డ్రైవర్లలో ఒకడు హిందీలో శభాష్ అన్నాడు. పరమేశు గడప మీది నుంచి లేచి వచ్చాడు.

కొత్త పంపు బజారులో దొరికింది. ఆయిల్ కారకుండా మధ్యలో ఉంచే పాత ప్యాకింగ్ ముక్కలను గీకి, బిగించే చోటును శుభ్రంగా తుడిచి, కొత్త ప్యాకింగ్ పెట్టి, ఒక్కో బోల్టు కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించింది. గొట్టాలకు కొత్త రాగి వాషర్లు వేసింది. ఇంజన్ ఆయిల్ మొత్తం దింపించి కొత్తది పోయించింది. డీజిల్ కలిసి పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు అరిగిపోతాయని వెంకటయ్యే చెప్పాడు.

ఇక గొట్టాల్లో నిండిన గాలి తీయాలి. పంపుకు ఉన్న చేతి మీటను ఆడిస్తే డీజిల్ పైకెక్కి గాలిని తోసేస్తుంది. పద్మారాణి మీట ఆడించింది. అది వదులుగా అటూ ఇటూ ఊగింది తప్ప చేతికి ఏ బరువూ తగల్లేదు. ఫిల్టర్ దగ్గర చుక్క కూడా రాలేదు. ముప్పై సార్లు ఆడించింది. వెంకటయ్య కూడా ప్రయత్నించి పెదవి విరిచాడు. కొత్త పంపే చెడ్డదని, వాపసు ఇచ్చి రమ్మని అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. పరమేశు ఆమె ముఖంలోకి చూడలేదు.

పద్మారాణి కదల్లేదు. మీట మీద చెయ్యి అలాగే ఉంచి ఆలోచించింది. మగ్గంలో క్యామ్ పైకి లేచి ఉన్నప్పుడు దాని మీది మీట అప్పటికే పూర్తిగా తోసుకుని ఉంటుంది. అప్పుడు చేత్తో ఎంత కదిపినా ఉత్తుత్తిగానే ఆడుతుంది. తండ్రి మగ్గం చక్రాన్ని చేత్తో కాస్త తిప్పిన తర్వాతే మీట పట్టుకునేవాడు. ఇక్కడ ఇంజన్ ఆగిన చోట క్యామ్ పంపును తోసి పట్టుకుని ఉంటే?

"కాకా, ఇంజన్ ఒక్క చుట్టు తిప్పుండ్రి. స్టార్ట్ చెయ్యకుండ, ఉత్తగ తిప్పుండ్రి" అంది.

వెంకటయ్య ఇంజన్‌ను పానాతో ఒక చుట్టు తిప్పాడు. ఆమె మళ్లీ మీట నొక్కింది. ఈసారి చేతికి బరువు తగిలింది. పది సార్లు నొక్కేసరికి ఫిల్టర్ మీద వదులు చేసిన స్క్రూ దగ్గర నురగ లేచింది. తర్వాత బుడగలు వచ్చాయి. తర్వాత బుడగ లేని డీజిల్ సన్నటి ధారగా కారింది. స్క్రూ బిగించి, పెద్ద పంపు దగ్గర కూడా అలాగే గాలి తీసింది. పరమేశు తాళం తిప్పాడు. ఇంజన్ మూడో తిప్పుకు అందుకుంది. ఎక్కడా డీజిల్ కారడం లేదని తడిమి చూసుకున్నాకే ఆమె చేతులు తుడుచుకుంది.

మర్నాడు పది గంటలకు తానుల లోడు ఎక్కింది. పరమేశు సీట్లో కూర్చుని ఆమెను కూడా రమ్మన్నాడు. వంతెన మొదలయ్యేసరికి అతని పిడికిళ్లు తెల్లబడ్డాయి. లారీ ఎక్కసాగింది. ఆగిపోయిన చోటు వచ్చింది. ఇంజన్ చప్పుడు కొంచెం కూడా తగ్గలేదు, అదే ఊపున ఆ చోటు దాటేసింది. నడిమి ఎత్తుకు చేరాక కింద తాపీ నీళ్లు మెరుస్తుంటే పరమేశు హారన్ మీద చెయ్యి పెట్టి, వంతెన దిగేదాకా తీయలేదు. పక్క బండ్లవాళ్లు తొంగి తొంగి చూశారు. అతని చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, నవ్వుతున్నాడు. పద్మారాణి కూడా నవ్వింది.

ఈ సంగతి ఊరంతా చెప్పింది వెంకటయ్యే. తను పట్టుకోలేనిది ఆమె పట్టుకుందని ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. పదకొండు లారీల యజమాని ధనసుఖ్‌భాయ్ వచ్చి, తన బండి ఒకటి పొద్దున్నే స్టార్ట్ కావడం లేదని చూపించాడు. ఆ బండికి పంపు బాగానే ఉంది. పద్మారాణి డీజిల్ దారి మధ్యలో లోపలిది కనిపించే ప్లాస్టిక్ గొట్టం పెట్టి డీజిల్‌లో బుడగలు పారడం చూసింది. ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టం పగిలి గాలి పీలుస్తోంది. గొట్టం మార్చింది, సరిపోయింది. ఆ తర్వాత గుజరాతీ డ్రైవర్లు పద్మాబెన్, అంటే పద్మక్క, ఎక్కడని అడుగుతూ రావడం మొదలుపెట్టారు. బాగుచేయడంతో ఊరుకోక, ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వారానికోసారి వదలమని, రోజూ కడ్డీ చూసుకోమని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపేది.

మొన్న దసరాకు మోకాళ్లు సహకరించక వెంకటయ్య పని మానుకున్నాడు. గ్యారేజీని పద్మారాణి చేతికి అప్పగించాడు. కొత్త బోర్డు మీద ఆమె పేరు గుజరాతీలో, తెలుగులో రాయించింది కూతురు రుచిత. పూజ రోజు లారీలు దండలు వేసుకుని రోడ్డు చివరిదాకా వరసగా నిలబడ్డాయి. అయ్యవారు వచ్చారు, టెంకాయ సిద్ధంగా ఉంది, పద్మారాణి మాత్రం కనబడలేదు. పరమేశు ఇల్లంతా వెతికి వచ్చాడు. చివరికి వెంకటయ్య వంగి, వరసలో మొదటి లారీ కిందికి చూశాడు. పట్టుచీర మీద పాత చొక్కా తొడుక్కుని ఆమె వెల్లకిలా పడుకుని ఉంది.

"ఇంక రెండు బోల్టులే కాకా," అంది లోపలి నుంచి, "బిగిచ్చి వస్త."