దేవుడితో మాటల్లేని తుర్సునాయ్ అక్క

సరస్సు ఒడ్డున ఉన్న బాలిక్చీ ఊళ్ళో మా ప్రార్థన ఇంటికి ఒక్క ఆదివారమైనా తప్పకుండా వచ్చే మనిషి తుర్సునాయ్ అక్క. దేవుడితో మాటల్లేని మనిషి కూడా ఆవిడే.

యేసును నమ్ముకున్నారని ఆ దంపతులను బంధువులు ముందే వెలివేశారు. ఆ తర్వాత భర్త కుబాత్ మంచం పట్టాడు. శీతాకాలమంతా ఆవిడ మోకాళ్ళ మీదే గడిపింది. మనిషి దక్కలేదు. పాతిపెట్టి వచ్చిన మర్నాడు అక్క తేల్చేసింది: "దేవుడితో ఇక నాకు మాటల్లేవు."

"మరి ప్రార్థనకెందుకు వస్తున్నావక్కా?" అన్నాను.

"మాటల్లేకపోతే ఇల్లొదిలి పోతామా? మా అత్తతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. రోజూ టీ మాత్రం పోశాను."

అయినా అవసరాలు ఆగవు కదా. పక్కన కూర్చున్న నన్ను మోచేత్తో పొడిచేది. "మోకాలి నొప్పి తగ్గలేదని చెప్పు." చెప్పేవాణ్ణి. "గట్టిగా చెప్పు. నా సంగతులు ఆయనకి వినబడవు."

ఓసారి సరస్సు మీది గాలి ఆవిడ కోళ్ళగూటి కప్పు ఎగరేసుకుపోయింది. "ఆ గాలి ఆయనదేనేమో అడుగు," అంది. నేను నసిగాను. "జవాబు చెప్పమన్నానా నిన్ను? అడగమన్నాను."

పాస్టరు సగిన్ నవ్వేవాడు. "ఆయన కూడా నీ గురించి అడిగాడక్కా."

"అడగనీ. నేను పలకను."

ఆ వసంతంలో, పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన సగిన్ కూతురు జ్వరంతో పోయింది. తర్వాతి ఆదివారం అతను బైబిల్ తెరిచి, కాసేపు చూసి, మూసేశాడు. "నాకు మాట రావడం లేదు. ఇళ్ళకు వెళ్ళండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. అక్క లేచి అతని దగ్గరకు వెళ్ళింది. "నీకూ మాటల్లేవా?"

"లేవక్కా."

"తప్పేం లేదు. వచ్చి కూర్చో."

అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, తల మీది రుమాలు సవరించుకుని ముందుకెళ్ళి నిలబడి పైకి చూసింది.

"నా పని మీద రాలేదు. మన తగవు అలాగే ఉంది. ఈ పిల్లాడి పని మీద వచ్చాను. నిన్ను ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు ఇతను. అన్నదాన్ని నేను. వచ్చి ఇతని పక్కన కూర్చో. సంజాయిషీలేం చెప్పకు. ఊరికే కూర్చో, చాలు."

సగిన్ ఏడుస్తూనే నవ్వాడు. అతను కూడా పైకి చూశాడు. "ప్రభువా, నా మాట ఉండనీ. అక్క చాలా రోజులుగా ఒంటరిగా ఉంది..."

దారిలో అడిగాను. "రాజీ పడ్డావా అక్కా?"

"రాజీ ఏమిటి? ఆ అబ్బాయి కోలుకునేదాకా తప్పదు కదా."

ఎండలు ముదిరేసరికి సగిన్ మళ్ళీ ప్రసంగాలు మొదలుపెట్టాడు. పూర్తిగా కోలుకోలేదనే అంటుంది అక్క. రోజూ పొద్దున్నే వంటింట్లోంచే అతని పని మీద దేవుడి దగ్గరికి వెళ్తుంది. పొయ్యి మీద రొట్టె మాడేదాకా తిరిగిరాదు.