నిలబడ్డ మనిషి ఎత్తు

మొన్న జనగామలో అరిసెలకని బెల్లం కొనబోతే, తూకం బల్ల పక్కన నిలబడ్డ నన్ను చూసి దుకాణదారు, "ఎవరి ఎత్తు అక్కా?" అని అడిగాడు. జాతర దగ్గరపడితే మా వైపు అడిగే మొదటి మాట అదే. మొక్కుకున్న మనిషిని తూకంలో నిలబెట్టి, అంత బరువు బెల్లం జాతరలో వనదేవత తల్లికి సమర్పిస్తాం. అప్పుడు దాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. ఆ మాట వినగానే భూపాలపల్లిలో మా మేనత్త ఇల్లు గుర్తొచ్చి, ఎంత బెల్లం కావాలో మరిచిపోయి నిలబడ్డాను.

ఉద్యోగం కొత్తలో నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఉన్నవే రెండు గదులు, ముందు గది నిండా మామ మంచం. ఏళ్ల తరబడి బొగ్గు బాయిలో దిగి ఎక్కిన మనిషి, ఒకరోజు ఇంట్లో స్నానం చేస్తూ పక్షవాతంతో పడిపోయి మళ్లీ లేవలేదు. ఒక చెయ్యీ నోరూ మిగిలాయి. నోరు మునుపటికన్నా బాగా పనిచేసేది. దాహమైనా, పక్క మార్చాలన్నా, ఊరికే ముక్కు మీద ఈగ వాలినా స్టీలు గ్లాసుతో మంచం కోడును కొట్టేవాడు. ఆ చప్పుడు వీధి నల్లా దాకా వినిపించేది. అందుకని అత్తమ్మ లోకం ఆ నల్లా దగ్గరే ఆగిపోయింది. మానుకోటలో ఉన్న కన్నకూతురి కాన్పుకు కూడా పోలేకపోయింది.

మామ పడిన కొత్తలోనే ఆమె మొక్కుకుంది. "తల్లీ, నా మనిషి లేచి తన కాళ్ల మీద తాను తూకంల నిలవడితె, నిలువెత్తు బంగారం ఇస్త" అని. అది తీరేదాకా తీపి ముట్టనని తనకు తానే ఇంకో ముడి వేసుకుంది. తీపంటే ప్రాణం పెట్టే మనిషి, చాయ్ కూడా చప్పగా తాగేది. మామ నిలబడనూ లేదు, మొక్కు ఆమెను వదలనూ లేదు. పడుకోబెట్టే తూచి బెల్లం పంపమని చుట్టాలు చెప్పినా, తానన్న మాట అది కాదని ఒప్పుకునేది కాదు. "ఎండిపోతున్న గదనే, ఎంత ఆగితె అంత తక్కువల వడ్తది" అని మామ నవ్వించేవాడు. నవ్వేవాళ్లం, ఏం చేస్తాం.

పక్కింటి అవ్వ మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "తల్లి దగ్గర తప్పుండది బిడ్డా. నీ మొక్కులనే ఏదో లోపమున్నది." అత్తమ్మ ఆ లోపం కోసం వెతుక్కునేది. మొక్కుకున్న రోజు తలస్నానం చేశానా, పసుపు పెట్టానా అని నన్నే అడిగేది. నాకు ఒళ్లు మండిపోయేది. దేవుడికి మచ్చ రాకూడదంటే అది ఇంకెవరో పూసుకోవాలి కాబోలు. మా ఇంట్లో ఆ వంతు అత్తమ్మది.

ఒక సాయంత్రం మామకే విసుగొచ్చింది. "నన్ను నిలవెట్టుడు ఆ తల్లి పని. ఆమె చెయ్యకపోతె నువ్వెందుకు కుములుతవే?"

"తప్పు ఆమెదంటే, ఇగ నేనెవరికి మొక్కాలె?" అంది అత్తమ్మ.

మామ గ్లాసుతో కోడును మెల్లగా ఒక్కసారి తట్టి నీళ్లు అడిగాడు.

ఆ ఏటి జాతరకు ముందు బెల్లం ఆటో వచ్చి సరిగ్గా నల్లా దగ్గర ఆగింది. అత్తమ్మ బిందె దించి, కొంగు బిగించి, తూకం బల్ల ఎక్కి నిలబడింది. బెల్లమతను ఎవరి ఎత్తని అడిగాడు.

"నాదే. ఆయన నిలవడలే. ఇన్నేండ్లు నిలవడ్డది నేను."

గడ్డలన్నీ ఇంట్లోకి మోశాం. అత్తమ్మ ఒకదాన్ని రోకలితో పగలగొట్టి, ముక్క మామ నోట్లో పెట్టి, ఇంకోటి తాను వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. నాకు భయమేసింది. "మరి తల్లికి?" అన్నాను.

"రమ్మను, నా చేతులతోని ఇస్త. ఇల్లిడిసి పోవుడు నాకు ఈలుగాదు. ఆమెకేం బిడ్డా, కాళ్లున్నయి."

పక్కింటి అవ్వకు కూడా ఒక గడ్డ పంపింది. అవ్వ లోపం సంగతి మళ్లీ ఎత్తలేదు.

మామ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అత్తమ్మ ఎక్కడికైనా పోవచ్చు. పోయినసారి వెళ్లినప్పుడు, కూతురి దగ్గరికి తీసుకుపోదామని సంచీ సర్దించి బయలుదేరదీశాను. నల్లా దాటగానే ఆగిపోయి, ఇంటి వైపు చెవి పెట్టి నిలబడింది. కాలం ఆమెను వదిలేసింది గాని, ఆ గ్లాసు చప్పుడు వినపడేంత దూరంలోనే వదిలేసింది.