విమానానికి బొట్టు ఎక్కడ పెట్టాలి

గజపతినగరంలో కొత్త బండి కొన్నవాడు ముందు గుడికి తోలుకుపోతాడు, ఆ తర్వాతే ఇంటికి. మాది కిరాణా కొట్టు కుటుంబం. మోపెడ్ మొదలుకొని తూకం కాటా దాకా మా ఇంట్లో బొట్టు లేని యంత్రం లేదు. అందుకని, మొదటిసారి ఒంటరిగా విమానం నడపబోతున్నానని ఫోన్లో చెప్పగానే అమ్మ అరసవల్లి కుంకుమ పొట్లాన్నీ, తోడుగా తన తమ్ముణ్ణి, అంటే మా మావయ్యనీ వెంటబెట్టుకుని రైలెక్కేసింది. నేను శిక్షణ తీసుకుంటున్న ఊరు అక్కడికి ఒక పగలంతా ప్రయాణం.

ఒంటరిగా అంటే పక్క సీట్లో మా సార్ ఉండరు. అప్పటిదాకా నా తప్పుల్ని ఆయన చేతులే దిద్దుతూ వచ్చాయి. ముందురోజు నేను భోజనం చేశానని గట్టిగా చెప్పలేను.

సార్ గుంటూరాయన. "ఒక్క చుక్క పెట్టుకోండమ్మా, మీవాడు చూపించిన చోటే" అని విమానం పక్కన అమ్మతో చెప్పి ఆఫీసులోకి వెళ్లారు.

అమ్మ నేరుగా ప్రొపెల్లర్ దగ్గరికి నడిచింది.

"అది తిరుగుతాదమ్మా. దాని జోలికెళ్లకు."

"పోనీ, ఈ రెక్క సివర?"

"అది ఐలరాన్. అది కదిల్తేనే విమానం పక్కకి వాల్తాది."

"తోక?"

"నిలువుగా ఉన్నది రడ్డర్, ముక్కుని పక్కలకి తిప్పుతాది. అడ్డంగా ఉన్నది ఎలివేటర్, ముక్కుని ఎత్తుతాది, దించుతాది."

"మరీ రెక్క కింద గొట్టం ఏటి?"

"అందులోకి గాలి దూరితేనే ఎంత స్పీడో తెలుస్తాది."

"ఒరే, ఇందులో ఊరికే కూకున్నది ఒక్కటీ నేదేటిరా?"

"ఒకడున్నాడు కదప్పా, నీ కొడుకు" అన్నాడు మావయ్య.

నేనటు తిరిగేలోగా అమ్మకి చోటు దొరికింది. తలుపుకి ముందు, రేకు మీద గుండ్రటి చిన్న బిళ్ల, దాని మధ్య సన్నటి బెజ్జం, చుట్టూ ఎర్రటి గీత. బొట్టు కోసమే చేశారనిపిస్తుంది. అమ్మ కుంకుమ తడిపి, నిండుగా అద్దింది.

బయటి గాలి ఒత్తిడి ఆ బెజ్జంలోంచే లోపలికి చేరాలి. అది మూసుకుపోతే, ఎంత ఎత్తున ఉన్నా ఎత్తు చూపే ముల్లు నేలమీదే ఉన్నావని చెబుతుంది. నా కేకకి అమ్మ కంగారుపడి, కుంకుమని ఊదెయ్యబోయింది. అందులోకి ఊదితే లోపలి పరికరాలు పాడవుతాయి. ఆవిడ నోటికి అరచెయ్యి అడ్డుపెట్టాను. మావయ్య ఈ ఘట్టాన్ని చుట్టాల వాట్సాప్ గ్రూపు కోసం శ్రద్ధగా వీడియో తీశాడు.

సార్‌కి చెప్పాను. మెకానిక్ వచ్చి తుడిచి, పరీక్ష పెట్టి చూడసాగాడు.

"ఇయాల వద్దంతన్నాడేమోరా దేవుడు" అంది అమ్మ, నెమ్మదిగా.

దేవుడి మాటలో నాకూ సబబు కనబడింది.

"లోపలికేమీ పోలేదు. వెళ్తావా?" అన్నారు సార్.

"ఎల్తాను సార్" అని నా గొంతే అంది. నన్ను సంప్రదించలేదు.

రన్‌వే మీద పరుగు మొదలైంది. వేగం ముల్లు లేచింది. చక్రాలు నేలని వదిలాయి. ఎత్తు ముల్లు మాత్రం కదల్లేదు. సార్‌ని అడుగుదామని పక్కకి చూశాను. ఖాళీ సీటు, దానికి బిగించిన బెల్టు. మళ్లీ ముల్లుని చూశాను. ఒక గీత జరిగింది. ఇంకొకటి. అంత బద్ధకంగా కదిలే వస్తువుని అంత ప్రేమగా నేనెన్నడూ చూడలేదు.

ఊపిరి వదిలాను. అప్పుడు తట్టింది, దీన్ని దింపాల్సింది కూడా నేనేనని.